అయిదో దాంట్లో మనిషి ఇరుక్కున్నాడు

బెంగళూరు,
4 నవంబరు 2024

మామయ్యా,

ఫోన్ చేస్తే "ఎవరూ, దోమా?" అని పెట్టేస్తావు కాబట్టి కాగితం మీదికి దిగాను. నలభై ఏళ్ళు పత్తి జిన్నింగ్ మిల్లులో ఫిట్టరుగా చేసి చెవులు అక్కడే వదిలేసి వచ్చావు. నీకు మనుషుల గొంతులు వినపడవు గానీ పెద్ద శబ్దాలైతే ఇప్పటికీ వినపడతాయని అత్తయ్య చెప్పింది. నాకు కావలసింది అదే.

నా ఉద్యోగం ఏమిటో అమ్మకే సరిగ్గా తెలీదు. చర్చిలో ఎవరడిగినా "సౌండు కంపెనీ" అంటోంది. నేను ఒక ఇంటర్నెట్ పత్రికలో పనిచేస్తున్నాను. మెటల్ సంగీతంలో మరీ ముదురు రకాలుంటాయి: బ్లాక్, డెత్, డూమ్, స్లడ్జ్, ఇంకా పేరు పెట్టని ప్రయోగాలు. నెలనెలా వాటిలో వచ్చిన కొత్త ఆల్బమ్‌లు విని, ఏవి వినదగ్గవో సిఫార్సు చేస్తాను.

మా ఎడిటర్ ఫిజా గారు ఫిబ్రవరి ఆఖరు వరకూ గడువిచ్చారు. ఈలోగా చదివేవాళ్ళు పెరగకపోతే శీర్షిక ఎత్తేస్తారు, దాంతో పాటు నన్నూ. అమ్మ అప్పుడే నరసరావుపేటలో ఏదో స్కూల్లో నాకోసం టీచరు కుర్చీ తుడిపించి పెట్టింది.

ఈ ఉత్తరంతో పెట్టిన పెన్‌డ్రైవ్‌లో ఏడు ఆల్బమ్‌లున్నాయి. ఈ సంగీతం ఎన్నడూ వినని మనిషి ఏమంటాడో నాకు కావాలి. మొహమాటం లేకుండా రాయి.

స్తుతి

---

చిలకలూరిపేట,
13 నవంబరు 2024

చిరంజీవి స్తుతమ్మకి మీ పెద్ద మామయ్య ఎలీషా దీవెనలు. ఇక్కడ నేనూ, మీ అత్తయ్యా, ఆమె దగ్గూ అందరం క్షేమం. పత్తి లారీలు మొదలైనయ్. హైవే పక్కన తుమ్మచెట్లన్నీ తెల్లగడ్డాలు పెంచుకుని పెద్దమనుషుల్లా నిలబడ్డయ్.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు, రెండోసారి అయింది. ఆ మాటకొస్తే నీ తెలివికి మెచ్చుకున్నాను కూడా. సంగీతమని రాశావు! మీ మేనేజరమ్మ ఉత్తరాలు విప్పి చదువుతుందన్నమాట. మా ఓనరూ అంతే. ఎనభై ఏడులో మా మిల్లులో పత్తి బేళ్ళు నొక్కే ప్రెస్సు ఇవాళో రేపో పేలేటట్టుంటే గుంటూరు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకి నేనేమని రాశాననుకున్నావ్? "మా పెద్దమ్మకి నడుం పట్టేసింది, ఒకసారి వచ్చి చూసి పోగలరు" అని రాశాను. ఆయన పాపం నిజంగానే డజను బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. గేటు దగ్గర నిలబడి "పెద్దమ్మెక్కడయ్యా" అంటాడు. లోపలికి తీసుకెళ్ళి ప్రెస్సు చూపించా. బత్తాయిలు నా చేతిలో పెట్టి ప్రెస్సుకి సీలేసి పోయాడు. తియ్యటి బత్తాయిలు, ఇప్పుడలాంటివి రావట్లేదు.

అసలు సంగతికొస్తా. సత్తెనపల్లి నుంచీ, గణపవరం నుంచీ ఇప్పటికీ మిల్లుల వాళ్ళు గింజ తీసే జిన్ను జబ్బుపడితే దాని చప్పుడు రికార్డు చేసి పట్టుకుని నా దగ్గరికొస్తారు. జబ్బేమిటో విని చెబుతా. నీదీ అలాగే విన్నాను. చర్చి సౌండుబాక్సుకి పెన్‌డ్రైవ్ పెట్టించి, స్క్రూడ్రైవరు మొన బాక్సుకీ పిడి చెవి వెనక ఎముకకీ ఆనించి కూచున్నాను. పాస్టరుగారు మొదటి నిమిషంలోనే బయటికెళ్ళి తలుపేశారు.

ఒకటి: రోలరు మీద కత్తి మరీ దగ్గరికి బిగించారు. గీరుకుంటోంది. తోలు కాలిన వాసన నాకిక్కడికి వచ్చింది.

రెండోది: వోల్టేజి లేక మోటారు మూలుగుతోంది. ముసలి యంత్రం, దాని బాధ నాకు తెలుసు, దాన్ని పడుకోనివ్వండి.

మూడోది గమ్మత్తు. ఒక గేరుకి పదిహేడు పళ్ళు, ఎదుటి గేరుకి పదకొండు. ఎప్పుడో గానీ కలవవు. బిగించినవాడికి బుర్రుంది, బుద్ధి లేదు.

నాలుగు: బేరింగులో గోళీలు పగిలి పిండైనయ్. దేవుడి దయవల్ల తిరుగుతోంది గానీ మీ మెకానిక్కు దయవల్ల కాదు.

ఇక అయిదోది. అమ్మాయ్, అయిదో దాంట్లో మనిషి ఇరుక్కున్నాడు. ఒక మనిషి అరుస్తున్నాడు. తొమ్మిది నిమిషాలు అరిచాడు, ఒక్కడూ స్విచ్చి కట్టలేదు! వాడి పరిస్థితేంటో వెంటనే రాయి. ఆరూ ఏడూ వినలేదు. వినబుద్ధి కాలేదు.

నువ్వు ఆ షెడ్డులోకి వెళ్ళేటప్పుడు చున్నీ వేసుకోమాకు.

ఎలీషా

---

బెంగళూరు,
25 నవంబరు 2024

మామయ్యా! మామయ్యా!

నీ ఉత్తరం ఆఫీసులో చదివి నవ్వలేక కుర్చీలోంచి జారాను. నీ వెటకారం తెలుసు గానీ ఇంత సూటిగా ఉంటుందనుకోలేదు. ఆ రెండోది, ఫిన్లాండ్ వాళ్ళ డూమ్ ఆల్బమ్ గురించి, పదేళ్ళుగా సమీక్షలు రాస్తున్నవాళ్ళు కూడా "ముసలి యంత్రం, పడుకోనివ్వండి" అన్నంత బాగా చెప్పలేదు. నీ మాటలన్నీ ఇంగ్లీషులో పెట్టి నీ పేరుతోనే వేశాను. మామూలుగా నా శీర్షిక చదివేది నాలుగొందల మంది. నీది పదకొండు వేల మంది చదివారు. ఫిజా గారు మొదటిసారి నా బల్ల దగ్గరికొచ్చి టీ తాగారు.

అయిదోదానిలో ఆయన గురించి అందరూ అడుగుతున్నారు. వాళ్ళది షిల్లాంగ్, ఆడేది స్లడ్జ్ అనే రకం. కంగారు పడకు, ఆయన రోజూ అలాగే అరుస్తాడు, సాయంత్రం ఇంటికెళ్ళి పిల్లలతో అన్నం తింటాడు. అలా అరవడం ఏళ్ళ తరబడి నేర్చుకున్నాడు. జనవరి 19న వాళ్ళు ఇక్కడికొచ్చి ఆడుతున్నారు.

ఇంకో రెండు పంపుతున్నాను. ఒకటి డ్రోన్: ఒకే స్వరం నలభై నిమిషాలు. రెండోది గ్రైండ్‌కోర్: పదకొండు నిమిషాల్లో ఇరవై రెండు పాటలు. త్వరగా రాయి, పాఠకులు ఎదురుచూస్తున్నారు. చున్నీ జోకు కూడా వేశాను.

స్తుతి

---

చిలకలూరిపేట,
9 డిసెంబరు 2024

స్తుతమ్మా,

దీవెనలు తర్వాత. రోజూ అరుస్తాడా?

ఒకటికి నాలుగుసార్లు చదివాను ఆ వాక్యం. "ఏళ్ళ తరబడి నేర్చుకున్నాడు" అని రాశావు. ఎంత అలవాటు పడిపోయారమ్మా మీరందరూ. నీకు పేరయ్య సంగతి చెప్పలేదు. తొంభై ఒకటిలో, మా మిల్లులో, పేరయ్య చెయ్యి రోలర్ల మధ్యకి పోయింది. అరిచాడు. పన్నెండు జిన్నులు తిరుగుతుంటే ఎవరికి వినపడుద్ది? నేను ఆరడుగుల దూరంలో ఉన్నాను. నాలుగో జిన్ను చప్పుడులో తేడా వచ్చిందని దాన్ని వింటున్నాను. మనిషిని వినలా. మూడు వేళ్ళు పోయినయ్. ఇప్పుడు కొట్టు పెట్టుకున్నాడు, మిగిలిన వాటితోనే పంచదార పొట్లం కట్టి పురికొస తిప్పుతాడు, చూడముచ్చటగా ఉంటుంది. నేను మాత్రం వాడి కొట్లో పొట్లం కట్టేవి ఏవీ కొనను. డబ్బా సరుకే కొంటా.

సరే. నువ్వు పంపిన రెండూ విన్నాను. నలభై నిమిషాల దాంట్లో మోటారు తిరుగుతోంది, బెల్టు వెయ్యలేదు. ఉత్త కరెంటు దండగ. ఎవరో స్విచ్చేసి టీకి పోయారు. రెండోది ఇరవై రెండుసార్లు వేసి ఇరవై రెండుసార్లు కట్టేశారు. ఆ యంత్రానికి రోగమేం లేదు, ఆపరేటరుకే ఉంది.

ఇక ఊరుకోలేక రెండు పనులు చేశాను. మీ అమ్మ ప్రేమమ్మకి చెప్పాను. "అన్నయ్యా, అది నా కడుపున పుట్టి ఆ కొంపలో పనిచేస్తోందా" అని కూలబడింది. రెండోది, మీ ఆఫీసుకి రిజిస్టరు పోస్టులో ఫిర్యాదు పెట్టాను. నీ పేరు రాయలేదులే, భయపడమాకు. "మీ కార్మికురాలు ఒకతె ద్వారా తెలిసింది" అన్నాను.

ఎలీషా

---

బెంగళూరు,
18 డిసెంబరు 2024

మామయ్యా,

మా ఆఫీసులో కార్మికురాలు అనదగ్గది నేనొక్కదాన్నే. మిగిలినవాళ్ళు ముగ్గురూ మగవాళ్ళు, పైన ఫిజా గారు.

ఆవిడది సత్తెనపల్లే అని నీకు తెలీదు. నీ ఫిర్యాదు తెలుగులోనే గట్టిగా అందరి ముందూ చదివారు. "అయ్యా మేనేజరు గారూ, తమరి యంత్రములలో నెంబరు అయిదు నందు..." నవ్వి నవ్వి ఆగారు. ఆగి నా వైపు చూశారు. "స్తుతీ, ఈయన జోకు వెయ్యట్లేదు కదూ?" అన్నారు.

నాకు అప్పుడు తెలిసింది. నెలరోజులుగా నేను విమర్శ అని వడ్డించింది ప్రమాద నివేదిక.

ఇది సంగీతం మామయ్యా. గిటార్లు, డ్రమ్ములు, మనుషులు. ఫ్యాక్టరీ లేదు. జిన్ను లేదు. చెయ్యి ఎక్కడా ఇరుక్కోలేదు. అసలు నువ్వొక మనిషివి ఉన్నావా, నేనే కల్పించానా అని పాఠకులు అప్పుడే అనుమానపడుతున్నారు. అమ్మ రోజూ ఫోన్ చేసి "ఆ చావులషెడ్డు వదిలేసి రా, స్కూలు వాళ్ళు కుర్చీ ఇంకా ఉంచారు" అంటోంది. ఫిబ్రవరి వరకూ నా ఉద్యోగం దారం మీద ఉంది. నువ్వు దయచేసి ఎవరికీ ఏమీ రాయకు. బైబిలు మీద ఒట్టు, ఇది సంగీతమే.

స్తుతి

---

చిలకలూరిపేట,
2 జనవరి 2025

స్తుతమ్మా,

కొత్త సంవత్సర దీవెనలు. మన ఇళ్ళల్లో బైబిలు మీద ఒట్టెయ్యరు. నీ చేత ఒట్టు కూడా వేయించారంటే నిన్నెంత భయపెట్టారో తెలిసిపోయింది. ఆ సత్తెనపల్లి ఆవిడ పక్కన నిలబడి రాయించిందా?

జనవరి 18న నరసరావుపేటలో రైలెక్కుతున్నాను. ఆ అయిదో నెంబరు 19న బెంగళూరులో నడుస్తుందని నువ్వే రాశావు. సాధనాల సంచి తెస్తున్నా. మీ అత్తయ్య గోంగూర పచ్చడి కూడా పెట్టింది, సంచిలో స్పానర్ల కింద.

ఎలీషా

---

బెంగళూరు,
23 జనవరి 2025

మామయ్యా,

క్షేమంగా చేరావని అత్తయ్య చెప్పింది. ఆ రోజు జరిగిందంతా నీ కళ్ళతో చూశావు గానీ వినలేదు కదా, వినపడని సగం నేను రాస్తున్నాను.

హాల్లోకి రాగానే మెయిన్ స్విచ్చి ఎక్కడుందో నువ్వు చూసి పెట్టుకున్నావని నాకు తెలీదు. బుద్ధిగా స్పీకరుకి స్క్రూడ్రైవరు ఆనించి కూచున్నావు. పక్కనున్న పిల్లలు అదేదో కొత్త పద్ధతనుకుని ఇద్దరు పెన్నులు ఆనించారు. మూడో పాటలో ఆయన ఆ అరుపు మొదలుపెట్టగానే నువ్వు లేచావు. నేను కాఫీ తెస్తున్నాను. కప్పు చేతిలో ఉండగానే చీకటైపోయింది.

రెండొందల మంది. ఒక్క చప్పుడు లేదు. తర్వాత ఫోన్ల దీపాలు వెలిగాయి. ఆ వెలుగులో నువ్వు స్టేజీ మీద ఆ షిల్లాంగ్ ఆయన రెండు చేతులూ పట్టుకుని ఒక్కో వేలూ లెక్కపెడుతున్నావు. ఆయన నన్ను తర్వాత అడిగాడు, "మీ అంకుల్ పదవ వేలు దగ్గర ఎందుకు ఏడ్చారు?" అని. పేరయ్య గురించి చెప్పాను. ఆయన తన వేళ్ళు తనే మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.

జనం ఏం చేశారో నీకు తెలీదు. సగం మంది ఇది ప్రదర్శనలో భాగమే అనుకున్నారు. "అంకుల్! అంకుల్!" అని హాలు దద్దరిల్లింది. నువ్వు డ్రమ్ము పెడలు కీచుమంటోందని కూచుని నూనె వేస్తున్నావు అప్పుడు. మార్చిలో పుణేలో ఆడుతున్నారట, నువ్వొచ్చి అదే పాటలో స్విచ్చి కడతావా అని అడుగుతున్నారు. రానుపోను చార్జీ ఇస్తారట.

ఆ మర్నాడే ఉన్నదున్నట్టు పత్రికలో ఒప్పేసుకున్నాను. పాఠకులు తిడతారనుకున్నాను, నవ్వారు. ఫిజా గారు మాత్రం నవ్వలేదు. "నవ్వు ఒక వారం పనిచేస్తుంది స్తుతీ. జనం మన దగ్గరికొచ్చేది ఏ ఆల్బమ్ వినాలో తెలుసుకోడానికి. మీ మామయ్య ఇప్పుడు సంగీతమని తెలిసి రాయాలి. రాస్తే ఉంచుతా, లేకపోతే ఫిబ్రవరితో సరి," అన్నారు.

కాబట్టి మళ్ళీ విను. అవే ఏడు, ఏది ఏ దేశం వాళ్ళదో చీటీ పెట్టాను. ఈసారి సంగీతంగా.

స్తుతి

---

చిలకలూరిపేట,
1 ఫిబ్రవరి 2025

చిరంజీవి స్తుతికి,

ముందుగా, సిగ్గుతో తల వంచుకుని రాస్తున్నాను. కళాకారులని తెలియక నోటికొచ్చింది రాశాను. ఈసారి స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని విన్నాను.

మొదటి ఆల్బమ్: నార్వే సోదరులు చాలా శ్రావ్యముగా ఆలపించారు. రెండవ ఆల్బమ్: ఫిన్లాండ్ వారు నిదానముగా, అర్థవంతముగా వాయించారు. మూడవది: ఫ్రాన్సు వారి కృషి ప్రశంసనీయము. నాల్గవది కూడా బాగున్నది. అయిదవ వారు నాకు స్వయముగా తెలుసు, మర్యాదస్తులు. ఆరవ, ఏడవ ఆల్బమ్‌లు సైతము శ్రోతలకు ఆనందము కలిగించును. ప్రభువు వీరి సేవను ఇంకను బలపరచును గాక.

ఎలీషా

---

బెంగళూరు,
10 ఫిబ్రవరి 2025

మామయ్యా,

ఫిజా గారు నీ సమీక్ష చదివి "ఇది పెళ్ళిలో సన్మానపత్రం" అన్నారు. వెయ్యలేదు. నీ పేరు తీసేసి, 28వ తారీకు సంచిక నేనే రాయాలన్నారు. చివరిది కావచ్చు.

నా వ్యాసం తెలుగు చిత్తుప్రతి ఇందులో పెట్టాను. ఎప్పుడూ ముందు తెలుగులోనే రాసుకుంటాను. రాత్రి నాకు నచ్చింది, పొద్దున చూస్తే నచ్చలేదు. ఎక్కడ చెడిందో తెలియట్లేదు. ఇది ఎవరో కళాకారుడు రాసింది కాదు, మీ చెల్లెలి కూతురు రాసింది. చదివి చెప్పు.

అమ్మ స్కూలు వాళ్ళతో మార్చి మూడున చేరుతుందని చెప్పేసింది.

స్తుతి

---

చిలకలూరిపేట,
15 ఫిబ్రవరి 2025

స్తుతమ్మా,

ఇదిగో, ఇది నా పని.

నీ వ్యాసం చదివాను. కాగితం బల్ల మీద పెట్టి, పైకి చదివించుకున్నాను మీ అత్తయ్య చేత, ఆమె గొంతు మిల్లు సైరను కాబట్టి నాకు వినపడుద్ది. అమ్మాయ్, దీన్నిండా గ్రీజే. ఎక్కడ వేలు పెట్టినా జారిపోతోంది. మొదటిది అద్భుతం, రెండోది అపూర్వం, నాలుగోది అమోఘం. ఏడు యంత్రాల్లో ఏడూ బాగున్నయ్యని చెప్పే ఫిట్టర్ని ఏ మిల్లులోనూ ఉంచుకోరు. వాడి మాట విని ఎవరు ఏ జిన్ను కొనాలి?

మూడోదాన్ని మిగతా వాటికంటే రెట్టింపు పొగిడావు. నీకది నచ్చలేదు. నచ్చనిదాని దగ్గరే మనిషి ఎక్కువ మర్యాద చేస్తాడు. నేను మొన్న చేసింది అదే గదా, నాకు తెలీదా? అందరూ గొప్పదంటున్నారని భయపడ్డావు. చిన్నప్పట్నుంచీ నీకీ గుణముంది. మీ అమ్మ వండిన కాకరకాయ చేదుగా ఉందని చెప్పలేక మూడుసార్లు వడ్డించుకుని తిన్నదానివి.

అయిదోదాని గురించి రాసిన నాలుగు వాక్యాలు మాత్రం తిరుగుతున్నయ్. "ఈ మనిషి అరుస్తుంటే లేచి ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది" అన్నావు చూడు, అది ముట్టుకోమాకు. నార్వే వాళ్ళని "మంచులో ఒంటరి సూది" అన్నావు, అదీ ఉంచు. మిగతాదంతా విప్పెయ్. భయం లేకుండా మళ్ళీ బిగించు. ఎవరో కోప్పడితే పడనీ, కోపం వచ్చిందంటే నీ చెయ్యి తగిలిందన్నమాటే.

ఆ షిల్లాంగ్ వాళ్ళకి పుణే వస్తానని చెప్పు. కానీ స్విచ్చి కట్టడానికి చార్జీ పుచ్చుకోను. అది ఊరికే చేసే పని.

ఎలీషా

---

బెంగళూరు,
6 మార్చి 2025

మామయ్యా,

విప్పాను. రెండువేల మాటల వ్యాసం ఏడొందలైంది. ఏడు ఆల్బమ్‌లలో నాలుగు వినమన్నాను, రెండు ఖాళీ ఉంటే వినమన్నాను. మూడోది వద్దన్నాను. తాళం లెక్కలు చూపించి దడిపించడం తప్ప అందులో ఏమీ లేదని, మూడుసార్లు విన్నాక నాకు గుర్తున్నది నా తలనొప్పి ఒక్కటేనని రాశాను. పంపాక భయమేసి ఫోన్ కట్టేసి పడుకున్నాను.

తెల్లారి చూస్తే ఆ ఫ్రెంచి వాళ్ళ అభిమానులు ఆరొందల మంది నన్ను తిట్టారు. వాళ్ళని తిట్టడానికి ఇంకో ఆరొందల మంది వచ్చారు. ఈ గొడవ చూడ్డానికొచ్చినవాళ్ళు పదహారు వేలు. వాళ్ళలో చాలామంది, నేను వినమన్న నాలుగూ విన్నారట. నార్వే వాళ్ళు నాకు థాంక్స్ చెబుతూ ఒక వాక్యం పంపారు. ఫిజా గారు ఏడాదికి ఉద్యోగం ఖాయమని కాగితం రాసిచ్చారు.

ఇక మిగిలింది అమ్మ. మూడో తారీకున నేను రాకపోయేసరికి నాలుగో తారీకున తనే బెంగళూరు వచ్చేసింది, నన్ను తీసుకుపోడానికి. వ్యాసం చూపించాను. చదివే కళ్ళజోడు పెట్టుకుని, ఆ ఇంగ్లీషు మీద వేలు పెట్టి, మూడో ఆల్బమ్ దగ్గర ఆగి ఆగి చదివింది. చదివి, కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టింది. ఆ తర్వాత స్కూలు వాళ్ళకి నా ముందే ఫోన్ చేసింది.

"అయ్యా, మా అమ్మాయి రాదండీ," అంది. "పేరు పెట్టి మరీ తిడుతోందండీ. దీని నోటికి మీ పిల్లలు ఆగలేరు."

స్తుతి